గర్భిణి గుండెకు పొగ గండం

గాలి లెక్కలు ఒక శాఖవి, తల్లుల లెక్కలు మరో శాఖవి. నడుమ జారిపోతున్న రక్తపోటు

న్యూఢిల్లీ: ఏటా నవంబరు వచ్చేసరికి ఉత్తర భారత ఆకాశాన్ని పొగ కమ్ముకుంటుంది. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు ఇల్లు కదలరాదని ప్రభుత్వ ప్రకటనలు వెలువడతాయి. అయితే కట్టెలతో, పిడకలతో వంట చేసుకునే కోట్లాది కుటుంబాలలో పొగ పుట్టే చోటు ఆ ఇల్లే. గడప దాటితే వీధి పొగ, దాటకపోతే పొయ్యి పొగ అన్న స్థితిలో ఉన్న గర్భిణికి ఈ సలహా వల్ల ఒరిగేదేమీ లేదు.

గర్భిణులకు వాయు కాలుష్యం వల్ల కలిగే హాని అనగానే ఇంతకాలం శిశువు తక్కువ బరువుతో పుట్టడం, నెలలు నిండకుండానే కాన్పు కావడం వంటి అంశాలే చర్చకు వచ్చాయి. తల్లి గుండె, రక్తనాళాల సంగతి మరుగున పడింది. గత రెండు దశాబ్దాలలో వెలువడిన అధ్యయనాలు ఈ లోటును కొంతవరకు పూరించాయి. గాలిలో సూక్ష్మ ధూళి పెరిగిన చోట గర్భిణులలో అధిక రక్తపోటు కూడా ఎక్కువగా కనిపిస్తున్నదని వీటిలో అత్యధికం పేర్కొన్నాయి. గర్భంతో ఉండగా వచ్చిన రక్తపోటు ప్రసవంతో తగ్గినా, అనేక సంవత్సరాల తర్వాత గుండెజబ్బుకు దారి తీయవచ్చునన్నది వైద్యశాస్త్రం ఇదివరకే నిర్ధారించిన విషయం. ఈ రెండు సత్యాలను జోడించి చూస్తే పొగ సమస్య కేవలం పర్యావరణ సమస్య కాదని, తల్లుల ఆయుర్దాయానికి సంబంధించిన సమస్య అని స్పష్టమవుతుంది.

గుండెకు తొమ్మిది నెలల పరీక్ష

గర్భధారణ సమయంలో స్త్రీ గుండె మోయవలసిన భారం అసాధారణమైనది. ఒంట్లో రక్త పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. గుండె నిమిషానికి పంపే రక్తం 30 నుంచి 50 శాతం దాకా అధికమవుతుంది. నాడి నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. నొప్పుల సమయంలో ఈ భారం ఇంకా పెరుగుతుంది. దీనికి తోడు ఊపిరితిత్తులలోకి నిమిషానికి వెళ్ళే గాలి కూడా 30 నుంచి 50 శాతం ఎక్కువవుతుంది. అంటే ఒకే వంటగదిలో కూర్చున్న ఇద్దరు స్త్రీలలో గర్భిణి అధికంగా గాలి పీలుస్తుంది. ఆ గాలిలోని మసిని కూడా అధికంగానే పీలుస్తుంది.

భారతదేశంలో ఈ పరీక్షను ఎదుర్కొనే స్త్రీలలో చాలామంది అప్పటికే బలహీనంగా ఉంటున్నారు. 2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణులలో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హెమోగ్లోబిన్ తక్కువైనప్పుడు ఆ లోటును భర్తీ చేయడానికి గుండె మరింత వేగంగా పనిచేయాలి. కట్టెల పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా బలంగా హెమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. ఉన్న కొద్దిపాటి హెమోగ్లోబిన్‌లో కొంత భాగం ఈ విధంగా పనికి రాకుండా పోతుంది. చిన్ననాటి కీళ్ళవాత జ్వరం వల్ల గుండె కవాటాలు దెబ్బతిన్న స్త్రీలకు ఈ అదనపు భారం మరీ ప్రమాదకరం.

సాధారణంగా గర్భిణి రక్తపోటు నడి నెలలలో కొంత తగ్గి, నెలలు నిండేసరికి మళ్ళీ పూర్వస్థితికి చేరుతుంది. ఇరవై వారాల తర్వాత రక్తపోటు 140/90 లేదా అంతకు మించి ఉండి, మూత్రంలో ప్రొటీను కనిపిస్తే ఆ స్థితిని వైద్యులు ప్రీఎక్లాంప్సియా అంటారు. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మడం, ముఖం, చేతులు వాయడం దీని లక్షణాలు. ఇది ముదిరి మూర్ఛలు వస్తే దానిని మన పల్లెలలో గుర్రపువాతం అంటారు. తల్లీ బిడ్డా ఇద్దరి ప్రాణాలకూ ముప్పు తెచ్చే స్థితి ఇది. ప్రపంచవ్యాప్తంగా 2 నుంచి 8 శాతం గర్భిణులకు ప్రీఎక్లాంప్సియా వస్తున్నట్లు అంచనా.

పొగ నెత్తురులో కలిసే తీరు

కాలుష్య పరిభాషలో పి.ఎం. 2.5 అని వ్యవహరించే కణాల వ్యాసం 2.5 మైక్రాన్లకు మించదు. తలవెంట్రుక మందంలో ఇది సుమారు ముప్పయ్యో వంతు. ముక్కు, గొంతు వీటిని అడ్డుకోలేవు. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళి అక్కడ వాపును కలిగిస్తాయి. ఆ వాపు వల్ల విడుదలయ్యే రసాయనాలు రక్తంలో చేరి, రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. కణాలలో అతి సూక్ష్మమైనవి నేరుగా రక్తంలోకే ప్రవేశించగలవు. నాళాలు సడలవలసిన సమయంలో సడలకపోతే రక్తపోటు పెరుగుతుంది.

ప్రీఎక్లాంప్సియాలో దెబ్బతినేది కూడా ఈ లోపలి పొరే. గర్భం ధరించిన తొలి నెలలలో గర్భాశయపు రక్తనాళాలు వెడల్పయి మాయకు ధారాళంగా రక్తం అందించాలి. ఇది సక్రమంగా జరగనప్పుడు మాయ నుంచి వెలువడే కొన్ని పదార్థాలు తల్లి రక్తనాళాలన్నింటినీ బిగుసుకునేటట్లు చేస్తాయి. పొగ, ప్రీఎక్లాంప్సియా వేర్వేరు దారులలో వచ్చి ఒకే చోట దెబ్బ తీస్తున్నాయన్న మాట.

పొగ మసి మాయ దాకా చేరుతుందా అన్న ప్రశ్నకు బెల్జియం శాస్త్రవేత్తలు సమాధానమిచ్చారు. హాసెల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో మాయకు శిశువు వైపున నల్లని కర్బన కణాలను గుర్తించారు. కాలుష్యం ఎక్కువగా ఉన్న చోట నివసించిన తల్లుల మాయలో ఈ కణాలు ఎక్కువగా ఉన్నాయి. మాయ అన్నింటినీ అడ్డుకునే గోడ అన్న పాత భావన దీనితో చెదిరిపోయింది.

అధ్యయనాలు చెప్పేదేమిటి?

వివిధ దేశాల పరిశోధనలను క్రోడీకరించి 2014లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, ఘనపు మీటరు గాలిలో పి.ఎం. 2.5 కణాలు 5 మైక్రోగ్రాములు పెరిగినప్పుడు ప్రీఎక్లాంప్సియా అవకాశం సుమారు 30 శాతం పెరుగుతున్నట్లు తేలింది. ఈ పరిశోధనలలో అత్యధికం గాలి శుభ్రంగా ఉండే సంపన్న దేశాలలో జరిగాయన్నది గమనార్హం. గంగా మైదానంలో శీతకాలపు కాలుష్యం వాటికి అనేక రెట్లు.

భారతదేశానికి సంబంధించి 2015లో ఒక ముఖ్య అధ్యయనం వెలువడింది. 2005-06 నాటి మూడవ కుటుంబ ఆరోగ్య సర్వేలో వివరాలిచ్చిన 39,657 మంది తల్లుల సమాచారాన్ని పరిశోధకులు పరిశీలించారు. కట్టెలు, పిడకలు, పంట వ్యర్థాలతో వంట చేసే ఇళ్ళలోని స్త్రీలలో ప్రీఎక్లాంప్సియా, ఎక్లాంప్సియా లక్షణాలు ఉండే అవకాశం ఇతరులకన్నా రెండు రెట్లకు పైగా ఉన్నట్లు వెల్లడైంది. అయితే ఇవి తల్లులు గుర్తు చేసుకుని చెప్పిన లక్షణాలే గాని వైద్యులు కొలిచిన రక్తపోటు కాదు. కట్టెల పొయ్యి ఉన్న ఇంట పేదరికం, పోషకాహార లోపం కూడా ఉంటాయి గనుక పొగ వాటా ఎంత అన్నది విడదీసి చెప్పడం సులభం కాదు.

తెలుగు నేలపైనా ఈ దిశగా పరిశోధన జరిగింది. హైదరాబాదు నగర శివార్లలోని 28 గ్రామాలలో సుమారు 5,500 మంది వయోజనులను పరిశీలించిన ఒక అధ్యయన ఫలితాలు 2019లో ప్రచురితమయ్యాయి. పి.ఎం. 2.5 పెరిగిన కొద్దీ స్త్రీలలో రక్తపోటు పెరుగుతున్నట్లు అందులో కనిపించింది; పురుషులలో అటువంటి సంబంధం కనిపించలేదు. ఇది గర్భిణులపై జరిపిన అధ్యయనం కాదు. అయినప్పటికీ పొగ ప్రభావం స్త్రీలపై వేరుగా ఉండవచ్చునన్న సూచన ఇందులో ఉంది.

గ్యాసు పొయ్యి ఇచ్చి చూశారు

పొగే కారణమైతే పొగ లేని పొయ్యి ఇస్తే రక్తపోటు తగ్గాలి. దీనిని తేల్చడానికి భారత్, గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాలలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. మన దేశంలో ఇది తమిళనాడులో, చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో సాగింది. నాలుగు దేశాలలో కలిపి 3,200 మంది గర్భిణులను ఎంపిక చేశారు. సగం మందికి గ్యాసు పొయ్యిని, 18 నెలలకు సరిపడా గ్యాసును ఉచితంగా ఇచ్చారు. మిగిలిన సగం మంది మామూలుగానే కట్టెల పొయ్యి వాడారు.

గ్యాసు వాడిన స్త్రీలు పీల్చిన గాలిలో పి.ఎం. 2.5 ఘనపు మీటరుకు సుమారు 24 మైక్రోగ్రాములకు తగ్గింది. కట్టెలు వాడిన వారికి ఇది సుమారు 71గా ఉంది. ఇంత తేడా ఉన్నా 2022లో వెలువడిన ఫలితాలు ఆశించిన విధంగా లేవు. శిశువుల జనన బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గర్భిణుల రక్తపోటు తగ్గకపోగా, గ్యాసు వాడిన వారిలో ఒక పాయింటుకన్నా తక్కువగానే అయినా కొద్దిగా హెచ్చింది.

దీనిని బట్టి పొగ నిరపాయకరమన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. గ్యాసు పొయ్యి అందేసరికి ఆ స్త్రీలకు 9 నుంచి 20 వారాల గర్భం ఉంది. మాయ రక్తనాళాలు రూపుదిద్దుకునే తొలి ఘట్టం అప్పటికే చాలావరకు పూర్తయి ఉంటుంది. అంతకు ముందు పదిహేను, ఇరవై ఏళ్ళుగా పీల్చిన పొగ ప్రభావం కొద్ది నెలలలో తొలగిపోకపోవచ్చు. పైగా 24 మైక్రోగ్రాములన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వార్షిక సగటుకు నిర్దేశించిన 5 మైక్రోగ్రాముల పరిమితికి దాదాపు అయిదు రెట్లు. ఏమైనా, కడుపు పండిన తర్వాత పొయ్యి మార్చడం ఒక్కటే పరిష్కారమన్న భావనను ఈ ప్రయోగం బలంగా ప్రశ్నించింది. ఆడపిల్ల చిన్నతనం నుంచే శుభ్రమైన గాలి అందడం అవసరమన్న వాదనను విధాన నిర్ణేతలు పట్టించుకోవలసి ఉంది.

సిలిండరు ఉన్నా కట్టెలే

గ్రామీణ వంటిళ్ళలోని పొగను శాస్త్రీయంగా కొలిచిన తొలి ప్రయత్నాలలో ఒకటి 1980ల తొలి సంవత్సరాలలో గుజరాత్ పల్లెలలో జరిగింది. అమెరికా శాస్త్రవేత్త కిర్క్ స్మిత్ భారతీయ సహచరులతో కలిసి దీనిని నిర్వహించారు. ఆ తర్వాత విధాన నిర్ణయాలు రావడానికి చాలా కాలం పట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకం కింద స్వయం సహాయక బృందాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. దేశవ్యాప్తంగా ఉజ్వల యోజనను 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ప్రారంభించారు. ఈ పథకం కింద ఇచ్చిన కనెక్షన్లు 10 కోట్లు దాటాయి.

కనెక్షన్ ఉన్నంత మాత్రాన పొగ పోలేదు. ఉజ్వల లబ్ధిదారులు ఏడాదికి సగటున 3.21 సిలిండర్లు మాత్రమే తీసుకుంటున్నట్లు కాగ్ 2019లో పార్లమెంటుకు సమర్పించిన నివేదికలో పేర్కొంది. సంవత్సరమంతా గ్యాసుపైనే వంట చేసే కుటుంబానికి ఇది చాలదు. ఖర్చుకు భయపడి అన్నం కట్టెల పొయ్యి మీద, టీ గ్యాసు మీద కాచుకునే ఇళ్ళు అసంఖ్యాకం. ప్రధానంగా శుభ్రమైన ఇంధనం వాడే కుటుంబాలు 2019-21 నాటికి దేశంలో 58.6 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 80 శాతానికి, తెలంగాణలో 90 శాతానికి మించగా, ఝార్ఖండ్‌లో మూడో వంతుకు కూడా చేరలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో దీపం-2 పేరిట ఏడాదికి మూడు సిలిండర్ల ఉచిత పథకాన్ని ప్రారంభించింది.

పొయ్యి పొగ ఇంట్లోనే ఆగిపోదు. వంటిళ్ళ నుంచి వెలువడే కాలుష్యాన్ని పూర్తిగా తొలగిస్తే దేశ సగటు పి.ఎం. 2.5 జాతీయ ప్రమాణమైన 40 మైక్రోగ్రాముల లోపునకు దిగివస్తుందని ఢిల్లీ ఐ.ఐ.టి. శాస్త్రవేత్తలు పాల్గొన్న 2019 నాటి అధ్యయనం లెక్క తేల్చింది. అంటే పేద ఇంటి పొయ్యిని మార్చడం ఊరందరికీ మేలు చేసే పెట్టుబడి.

సరిహద్దులు లేని గాలి

ఈ సమస్య ఒక్క భారతదేశానిదే కాదు. 2024 నవంబరులో లాహోరు నగర వాయు నాణ్యత సూచీ 1,000 దాటడంతో పాకిస్థాన్‌లోని పంజాబ్ ప్రభుత్వం పాఠశాలలను మూసివేసింది. అదే నెలలో ఢిల్లీలో అత్యవసర ఆంక్షలలో నాలుగవ దశ అమలులోకి వచ్చింది. పంట కోసిన తర్వాత మోళ్ళను తగలబెట్టడం వల్ల లేచే పొగకు సరిహద్దులు లేవు. వాయు కాలుష్య నివారణపై దక్షిణాసియా దేశాలు 1998లో మాలె నగరంలో ఉమ్మడి ప్రకటన చేశాయి. పాతికేళ్ళు గడిచినా గాలి బాగుపడలేదు.

భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్‌లపై చైనా శాస్త్రవేత్తలు జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనం గర్భస్రావాలు, మృత శిశు జననాల కోణంలో ఈ నష్టాన్ని అంచనా వేసింది. భారత ప్రమాణాన్ని మించిన కాలుష్యం కారణంగా 2000-2016 మధ్య ఏటా సుమారు 3,50,000 గర్భాలు నిష్ఫలమై ఉండవచ్చునని అందులో పేర్కొన్నారు.

ఆర్థిక నష్టం కూడా స్వల్పం కాదు. వాయు కాలుష్యం వల్ల 2019లో భారతదేశంలో సుమారు 16 లక్షల 70 వేల మరణాలు సంభవించాయని, అకాల మరణాలు, అనారోగ్యం వల్ల 3,680 కోట్ల డాలర్ల మేర ఉత్పత్తి నష్టం జరిగిందని భారత వైద్య పరిశోధన మండలి తదితర సంస్థలు 2020లో వెల్లడించాయి. స్థూల దేశీయోత్పత్తిలో ఇది 1.36 శాతం. మరోవైపు 2019లో ప్రారంభమైన జాతీయ శుభ్ర వాయు పథకం నిధులలో 64 శాతం రోడ్ల దుమ్ము నివారణకే ఖర్చయినట్లు ఢిల్లీలోని సి.ఎస్.ఇ. సంస్థ 2024లో తెలిపింది. విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాదు, నల్గొండ తదితర తెలుగు నగరాలు ఈ పథకం పరిధిలో ఉన్నాయి. రోడ్డు మీద నీళ్ళు చల్లితే ముతక దుమ్ము అణుగుతుంది గాని, గుండెకు చేటు తెచ్చే సూక్ష్మమైన మసి అణగదు.

నలభై రెండో రోజు తర్వాత

ప్రసూతి మరణాల తగ్గింపులో దేశం సాధించిన ప్రగతి ప్రశంసనీయం. లక్ష సజీవ జననాలకు 2014-16లో 130గా ఉన్న ప్రసూతి మరణాలు 2018-20 నాటికి 97కు తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లో 45గా, తెలంగాణలో 43గా నమోదయ్యాయి. అయితే ఈ లెక్క ప్రసవమైన 42 రోజులతో ముగుస్తుంది. ప్రభుత్వ బాలింత సేవలూ దాదాపు అక్కడికే ఆగుతాయి.

గర్భిణి గుండె కథ మాత్రం అక్కడ ముగియదు. ప్రీఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలకు తర్వాతి కాలంలో గుండెజబ్బు వచ్చే ప్రమాదం ఇతరులకన్నా సుమారు రెండు రెట్లు, పక్షవాతం ప్రమాదం దాదాపు రెండు రెట్లు, శాశ్వత రక్తపోటు ప్రమాదం మూడు రెట్లకు పైగా ఉన్నట్లు 2007లో బ్రిటన్‌లో ప్రచురితమైన సమీక్ష తేల్చింది. అమెరికా హృద్రోగ సంఘం 2011లోనే దీనిని స్త్రీల గుండెజబ్బు కారణాల జాబితాలో చేర్చింది.

మన దేశంలో రక్తపోటు, మధుమేహం వంటి జబ్బుల కోసం ఇంటింటా జరిపే పరీక్షలు 30 ఏళ్ళు దాటిన వారికి ఉద్దేశించినవి. ఇరవై రెండేళ్ళ వయసులో కాన్పు సమయాన రక్తపోటు వచ్చిన తల్లి 42వ రోజున ఒక పథకం జాబితా నుంచి వెలుపలికి వస్తుంది. మరో పథకం జాబితాలో చేరడానికి ఆమె దాదాపు ఎనిమిదేళ్ళు ఆగాలి. ఈలోగా ఆమె తిరిగి అదే వంటింటికి, అదే పొగకు చేరుతుంది. కాలుష్య నియంత్రణ మండలి యంత్రాలు కొలిచే గాలి లెక్కలలో ఆమె ఉండదు. ఆసుపత్రి చీటీలో ఆమె ఇంటి పొయ్యి ప్రస్తావన ఉండదు.

ఈ ఖాళీని పూరించడానికి కోట్ల రూపాయలు అక్కరలేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరిపే కార్యక్రమం 2016 నుంచి అమలులో ఉంది. వంట దేనితో చేస్తారన్న ఒక్క ప్రశ్నను అక్కడ అడిగి రాసుకోవచ్చు. రక్తపోటు వచ్చిన తల్లుల పేర్లు విడిగా నమోదు చేసి, వయసుతో నిమిత్తం లేకుండా ఏటా ఒకసారి ఆశా కార్యకర్త ద్వారా పిలిపించి పరీక్షించవచ్చు. ఉజ్వల రాయితీలో కొత్త దంపతులకు ప్రాధాన్యమిస్తే, గర్భం రాకముందే ఇంట్లో పొగ తగ్గుతుంది.

వైద్యం కూడా అందుబాటులోనే ఉంది. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ గుర్రపువాతం ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 33 దేశాలలో సుమారు 10,000 మంది స్త్రీలపై జరిపి 2002లో ప్రకటించిన పరిశోధన నిరూపించింది. ప్రమాదం ఎక్కువగా ఉన్న గర్భిణులకు తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను, ఆహారంలో సున్నం తక్కువైన వారికి కాల్షియంను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది. వీటిని వైద్యుల సలహాపైనే వాడాలి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, ఆయాసం కనిపించిన గర్భిణిని ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళడం కుటుంబ సభ్యుల బాధ్యత. బాలింతకు కొత్తగా ఆయాసం, కాళ్ళ వాపు వచ్చినా అది నీరసమని కొట్టిపారేయరాదు.

గాలిని శుభ్రపరచడానికి సంవత్సరాలు పడుతుంది. అందులో రవాణా, పరిశ్రమలు, వ్యవసాయం, పొరుగు దేశాలతో సంబంధాలు అన్నీ ఇమిడి ఉన్నాయి. కానీ ఒక తల్లి చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూడడానికి పట్టేది రెండు నిమిషాలు. కాన్పు సమయంలో ఆ పని శ్రద్ధగా చేయడం దేశం నేర్చుకుంది. ఆ తర్వాతి సంవత్సరాలలోనూ చేయగలిగితే పొగ మిగిల్చిన హానిలో కొంతైనా ముందుగా పసిగట్టవచ్చు.